ఉపాయము - దాని కాపరి

ఉపాయము లేనివానిని ఊరినుండి వెడలగొట్టవలెనని మన పెద్దలు సామెత చెప్పిరి. నేటి దినములలో ఆ సామెతకు ఆదరము మిక్కుటమైనది. ప్రభుత్వములు కొత్త యోచనలకు బహుమానములను ప్రకటించుచున్నవి. కళాశాలలలో విద్యార్థులకు పోటీలు పెట్టుచున్నారు. నీటి యెద్దడి మొదలుకొని వఱదభయమువఱకు ప్రతి కష్టమునకును ఎవరో యొకరు ఒక యంత్రమును కనిపెట్టి చూపుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. ఐనను ఆ సామెతలోని ‘ఊరు’ అను మాటను మనవారు తఱచుగ మఱచుచున్నారు. పెద్దలు ఉపాయమును ఊరితో ముడివేసిరి. ఊరు పట్టించుకొనని ఉపాయము నిలువదు. ఒక సాధనమును కల్పించుట సగము పని. దానిని కాచువానిని నియమించి, కాచినందులకు వానికి ఫలము దక్కునట్లు ఏర్పాటు చేయుట తక్కిన సగము. మొదటి సగమునకు పొగడ్తలు లభించును గాని, రెండవ సగము లేనిచో కొలదికాలములోనే మొదటిదియు మట్టిపాలగును. ఈ సంగతిని తెలిసికొనుటకు గ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. వరంగల్లునుండి ఏటూరునాగారమునకు పోవు త్రోవను ఒకమాఱు శ్రద్ధతో చూచిన చాలును.

ములుగు దాటిన కొలదిదూరమున ప్రక్కదారి పట్టినచో పాలంపేట వచ్చును. అచట రామప్ప దేవాలయమును, దాని చెంతనే రామప్ప చెఱువును గలవు. తిరిగి పెద్దబాటకు వచ్చి గోవిందరావుపేట చేరినచో, ఆ ప్రాంతముననే కొండల నడుమ లక్నవరము చెఱువు కనబడును. పస్రా, తాడ్వాయి అడవులను దాటిన పిమ్మట ఏటూరునాగారము. ఆ యూరికి ఎగువను, గోదావరి యొడ్డున, గంగారమువద్ద దేవాదుల యెత్తిపోతల పంపులును, తుపాకులగూడెమువద్ద సమ్మక్క బ్యారేజియు నున్నవి. ఏటూరునాగారము మండలములోనే జంపన్నవాగు గట్టున కొండాయి యను గ్రామమున్నది. ఇట్లు ఎనిమిదివందల యేండ్లనాటి ఉపాయమును, నేటి ఉపాయమును, ఏ ఉపాయమును చేరని కష్టమును ఒక్క దినపు ప్రయాణములో కంటబడును. ఇంతటి పాఠశాల వేఱొకచోట దొరకుట అరుదు.

మొదట సమస్య యెట్టిదో చూతము. తెలంగాణము ఎత్తైన నేల. గోదావరి, కృష్ణ దాని యంచులను ఒరసికొని పల్లమున పాఱుచున్నవి. పొలములు మెట్టమీద నున్నవి. వర్షము ఏడాదిలో మూడు నాలుగు మాసములు మాత్రమే కురియును. నేలక్రింద పెక్కుచోట్ల గట్టిరాయి యుండుటచే కురిసిన నీటిలో అధికభాగము లోతునకు ఇంకక, వాగులవెంట నదులకు పోవును. నదిని మెట్టకెక్కించు శక్తి ఆ కాలమువారికి లేదు. కావున కాకతీయ ప్రభువులును, వారి సేనానులును, సామంతులును నదినీటికై నిరీక్షించుట మాని వాననే పట్టదలచిరి. వాన పడినచోటనే దానిని ఆపుట, నిండి పొరలిన నీటిని క్రింది చెఱువునకు త్రిప్పుట, అదియు నిండినచో ఆపై దిగువదానికి పంపుట - ఇదియే గొలుసుకట్టు చెఱువుల పద్ధతి. ఒక చెఱువు మత్తడి దూకిన నీరు మఱియొక చెఱువునకు ఆదరువు. గొలుసులో నొక కట్ట తెగినచో దిగువవారికి నీరు లేకపోవుటయే గాక, తెగిన వఱద వారిమీదనే పడును. కావున ఎగువయూరివారి జాగ్రత్తయే దిగువయూరివారి ప్రాణము.

రామప్ప దేవాలయమును గణపతిదేవ చక్రవర్తి సేనాని యైన రేచర్ల రుద్రుడు కట్టించినట్లు 1213వ సంవత్సరపు శాసనము తెలుపుచున్నది. 2021 జూలై 25వ తేదీన యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. అచటి శిల్పముల సొంపును మెచ్చని వారు లేరు. మేము శిల్పముకంటెను స్థపతుల యోచనను ఎక్కువగ మెచ్చుదుము. శిఖరము బరువైనచో దానిని మోయు రాతిదూలములు విఱుగును. శిఖరమును తగ్గించినచో ఆలయశోభ తగ్గును. ఈ చిక్కును వారు నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను కాల్చి తీర్చిరి. పునాదిగోతిని ఇసుకతో నింపి దానిపై కట్టడమును నిలిపిరి. భూమి కదలినపుడు ఆ యిసుక కదలికను తనలో అణచుకొనునని నిపుణులు చెప్పుదురు. 2024 డిసెంబరు 4వ తేదీన ములుగు ప్రాంతమే కేంద్రముగ 5.3 తీవ్రతగల భూకంపము సంభవించినది. ఆలయము నేటికిని నిలిచియేయున్నది.

లక్నవరమువద్ద కనబడు యోచన వేఱొక తీరుది. అచట కొండలే సహజమైన కట్టలు. వాని నడుమనున్న మూడు ఇఱుకైన కనుమలను మాత్రము పొట్టికట్టలతో మూసి, విశాలమైన లోయను చెఱువుగ మార్చిరి. పని కొంచెము, నీరు మెండు. నర్సంపేట ప్రాంతమున గణపతిదేవుని కాలముననే జగదాళ ముమ్మడి కట్టించిన పాకాల చెఱువును ఈ త్రోవలోనిదే. ఎవరైనను పెద్దకట్ట వేయగలరు. కొండ యేమి చేయుచున్నదో చూచి, అది చేయని పనిని మాత్రమే తాము చేయుట తెలివి.

చెఱువునకు కట్ట యొక్కటియే చాలదు. నీటి నాపుటకంటె దానిని అవసరమైనంత విడుచుట కష్టము. లోతునీరు కట్టమీద ఎంతటి బలముతో ఒత్తుచుండునో సేద్యము చేయువారెఱుగుదురు. కట్టక్రిందుగ రాతికాలువ నమర్చి, చెఱువులోపల రెండు రాతికంబములను నాటి, వానిని కలుపు అడ్డుబండకు తొలిచిన రంధ్రముగుండ ఒక పొడవైన కఱ్ఱను దింపి, దాని చివరనున్న బిరడాతో కాలువ నోటిని మూయుట, తెఱచుట - ఇదియే మన పాతకాలపు తూము. ఒక్కమనుష్యుడు నిలిచి వేలకొలది ఎకరముల నీటిని పొదుపుగ విడువగలడు. మిక్కిలినీరు కట్టపైనుండి పొరలి దానిని కోయకుండ మత్తడిని రాతితో కట్టిరి. అలలు లోపలిగట్టును తినకుండ రాళ్లు పేర్చిరి. వీనిలో ఏ యొక్కటియు వింత యంత్రము కాదు. ఐనను ఇవి యన్నియు కూడి ఎనిమిది శతాబ్దములుగ అన్నము పెట్టినవి.

ఇచట మా పాఠకులు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఇటుక గట్టిదగుటచేతనో, రాయి పెద్దదగుటచేతనో ఇవి నిలిచినవా? కాదు. కట్ట యెంత బలమైనదైనను ఎలుకబొఱియ యొకటి చాలును దానిని తెంచుటకు. మత్తడియొద్ద ఒక చెట్టు మొలచి వేళ్లు పాతుకొనినచో రాతికట్టడము విచ్చిపోవును. ఏటేట వానలకు వచ్చు ఒండ్రు చెఱువుకడుపును నింపుచుండును. వీనిని ప్రతిదినము కనిపెట్టి యుండువాడు కావలెను. ఆ మనుష్యుని ఏర్పఱచుటయందే పూర్వుల యసలైన తెలివి కనబడుచున్నది.

దశబంధమను పేరు మన శాసనములలో తఱచుగ వినబడును. చెఱువు త్రవ్వించినవానికిని, దానిని బాగుచేయువానికిని ఆ చెఱువు వలన కలుగు ఫలములో పదియవవంతును, ఆ పాటి మాన్యమును ఇచ్చుట ఆ పద్ధతి. ఇక తూము తెఱచి మూయు నీరటికి ఊరివారు పంటలో మేర కొలిచి యిచ్చుచుండిరి. ఈ యేర్పాటులోని సూక్ష్మమును గమనింపుడు. చెఱువు నిండి పంట పండినచో కాపరి గాదెయు నిండును. చెఱువు తెగినచో ఊరితోపాటు కాపరియు పస్తుండును. కాపరి బ్రదుకు చెఱువు బ్రదుకుతో ముడిపడినది. అందుచేత వానిని తనిఖీ చేయుటకు వేఱొక అధికారి అక్కఱలేకపోయెను. పుణ్యమున్నదని సప్తసంతానములలో తటాకమును చేర్చిరి. పుణ్యమొక్కటియే చాలదని పదియవవంతును చేర్చిరి. ఇట్టి వివేకము మనవారికి కలదు.

కడప మండలమున పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసనమొకటి యున్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అచట అనంతరాజసాగరమను చెఱువును కట్టించి, తరువాతివారికి ఉపయోగపడునట్లు చెఱువునకు పండ్రెండు సాధనములును ఆఱు దోషములును ఇవి యని చెక్కించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును పనిచేసినట్లు అందు వ్రాయబడినది. నీరూఱు కట్ట, చవిటినేల, చెఱువు నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువయై భూమి యెక్కువగుట, భూమి తక్కువయై నీరెక్కువగుట - ఇవియెల్ల దోషములని అందు చెప్పిరి. రెండు రాజ్యముల సరిహద్దున చెఱువుండుటయు దోషమనిరి. ఈ యొక్కటి మట్టికి సంబంధించిన దోషము కాదు, బాధ్యతకు సంబంధించినది. ఇద్దఱిలో ఎవరిదో తేలని చెఱువును ఎవ్వరును కాపాడరని వారెఱుగుదురు.

ఆ తెలివి కట్టడములకే పరిమితమైనది కాదు. ఓడ పగిలినచో ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరుకును పాలకులే హరించుట ఆకాలపు వాడుక. గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లిలో అభయశాసనము వేయించి, ఆ యాచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము మాత్రమే తీసికొందునని దేశవిదేశ వర్తకులకు మాటయిచ్చెను. అందు ఒక రాయియు, ఒక యంత్రమును లేదు. ఒక్క న్యాయమైన నియమము రేవునకు ఓడలను తెచ్చును. నియమముకూడ ఉపాయమే యని దీనివలన తెలియుచున్నది.

అట్టి దేశమున చెఱువులు ఏల పూడినవి? పాతకాలపు మాన్యములలో అన్యాయములు పేరుకొనినవి. పనిచేయక మాన్యము ననుభవించు కుటుంబములు పెక్కుచోట్ల ఏర్పడినవి. కావున హైదరాబాదు రాష్ట్రమున 1949లో జాగీరులును, 1955 నాటి చట్టముచే ఇనాములును రద్దగుట న్యాయమే. వానిని తిరిగి తెమ్మని మేము చెప్పము. కాని మాన్యముతోపాటు దానికి కట్టుబడిన పనియు పోయినది. ఆ పనికి వేఱొకనిని నియమించుట ప్రభుత్వము మఱచినది. చెఱువులు ఇంజనీరుల కచేరి లెక్కలలోనికి పోయినవి. అదే కాలమున బావులును, పిమ్మట బోరులును వచ్చినవి. ప్రతి ఆసామియు తన పొలమున తానొక నీటియేలిక యైనాడు. చెఱువు నిండకున్నను తన మోటారు తిరుగునను ధైర్యమున్నవాడు కట్టమీది తుమ్మచెట్టును నఱుకుటకు పోడు. ఊరుమ్మడి బఱ్ఱె పుచ్చి చచ్చెనను సామెత మన చెఱువుల విషయమున నిజమైనది. విచిత్రమేమన, చెఱువు ఎండినపిమ్మట బోరుబావియు ఎండినది. భూగర్భమునకు నీరు పోసినది ఆ చెఱువే యని అప్పుడు తెలిసినది.

దీనిని దిద్దుటకు ప్రయత్నములు జరుగలేదనుట తప్పు. 1997లో ఉమ్మడి రాష్ట్రమున రైతులే సాగునీటి వ్యవస్థలను నడుపుకొనవలెనని చట్టముచేసి, పదివేలకు పైగ నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపిరి. ఆలోచన మంచిది. ఐనను సంఘములకు పదవులనిచ్చి ఆదాయము నీయలేదు. కాలక్రమమున అవి నామమాత్రములైనవి. 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర 46,531 చెఱువులను విడతలవారీగ బాగుచేయ సంకల్పించినది. అందులో ఒక సొగసైన యోచన కలదు. పూడికమట్టిని ప్రభుత్వము త్రవ్వించును. రైతులు తమ బండ్లతో దానిని తమ పొలములకు తోలుకొందురు. చెఱువునకు భారమైనది చేనికి బలమైనది. ఇది దశబంధపు మార్గములోనిదే. పనిచేయువానికి పనిలోనే ఫలము. కాని త్రవ్వకము ఒక్క విడతతో ముగియును, ఒండ్రు ప్రతి వానకును వచ్చును. ఏటేట ఆ పని జరుగుటకు కాపరి యెవరో నాడును నిర్ణయింపలేదు.

ఇక గంగారము సంగతి. పూర్వులకు సాధ్యము కాని పనిని నేటి ఇంజనీరులు సాధించిరి. జె. చొక్కారావు పేర వెలసిన దేవాదుల పథకము గోదావరి నీటిని భీమఘనపురము మీదుగ ధర్మసాగరమువఱకు వందలాది యడుగుల ఎత్తునకు చేర్చుచున్నది. వరంగల్లు, జనగామ మెట్టలకు గోదావరి వచ్చునని పూర్వము చెప్పినచో జనులు నవ్వియుందురు. ఈ ఘనతను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. ఐనను రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది: వానతో నిండు చెఱువునకు కరెంటు బిల్లు లేదు, పంపుతో ఎక్కు ప్రతి బిందువునకును ఉన్నది. రెండవది: ఎత్తిన నీటిని నిలుపుటకు తుదకు దొరకినవి పాతచెఱువులే. రామప్ప చెఱువునే దేవాదుల పథకమునకు నీటినిలువగ వాడుకొనుచున్నారు. నూతన యంత్రము పాతకట్టను ఆశ్రయించినది. కావున పంపునకు వేలకోట్లు వెచ్చించి, కట్టమీది కాపరికి కాసు లేదనుట పెండ్లికి పందిరివేసి పెండ్లికుమారుని మఱచుట వంటిది.

ఇంతవఱకు చెప్పినదంతయు పొలములుగలవారి వైపునుండి చెప్పినది. ఏటూరునాగారమునుండి చూచినచో మఱియొక వైపు కనబడును. ఆ ప్రాంతపు కోయలు రెండేండ్లకొకమాఱు మేడారమున సమ్మక్క సారలమ్మలకు జాతర చేయుచున్నారు. కఱవుదినములలో కప్పము కట్టజాలని కోయలపైకి కాకతీయసేన వచ్చెననియు, ఆ పోరులో సమ్మక్క కుమారుడు జంపన్న సంపెంగవాగున పడి ప్రాణము విడిచెననియు, అందుచేత ఆ వాగు జంపన్నవాగైనదనియు వారి ఐతిహ్యము. చరిత్రకారులు దీనిని ఎట్లు తూచినను, లక్షలాది జనుల జ్ఞాపకమున నిలిచిన మాట యిది. చెఱువులు త్రవ్వించిన రాజ్యమే చెఱువు లేనివారినుండి కప్పము కోరెనని ఆ కథ చెప్పుచున్నది. ఉపాయము ఎవరి కష్టమును తీర్చినది, ఎవరిని విడిచినది అను ప్రశ్నను దానినుండి మనము నేర్చుకొనవలెను.

ఆ ప్రశ్న పాతబడలేదు. 2023 జూలై 27వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. తెలంగాణమున ఒక్కదినమున అంతటి వాన అంతకుపూర్వము నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామమును ముంచినది. ఎనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. ఉపగ్రహములు మబ్బులను చూచుచున్న కాలమిది. చేతిలోని ఫోనులో రేపటి వాన తెలియుచున్న కాలమిది. యంత్రములకు కొఱత లేదు. కొఱతయైనది, ఎగువను నీటిమట్టము పెరుగుటను చూచి, ఇంటింటికి పోయి లేపి, మెట్టకు తరలించు బాధ్యత పేరుపెట్టి అప్పగింపబడిన మనుష్యుడు. గొలుసుకట్టులో ఎగువవాని జాగ్రత్త దిగువవాని ప్రాణమని పైని చెప్పితిమి. ఆ సూత్రము వాగునకును వర్తించును. చెఱువునకు నీరటిని పెట్టిన జాతి వాగునకు కాపరిని పెట్టలేదా?

ఇది మన దేశపు పాతవాసన మాత్రమే యని తలచువారు లోకమువంక చూడవచ్చును. బలిద్వీపమున వరిపండించు రైతులు సుబాకులను సంఘములుగ నేర్పడి, నీటిదేవాలయముల నిర్ణయము ననుసరించి వంతులవారీగ నీరు తీసికొందురు. 1970 ప్రాంతమున అచటి ప్రభుత్వము కొత్తవంగడములను తెచ్చి, దేవాలయపు వంతులను త్రోసిపుచ్చి, ఎడతెగక నాటుడని ప్రోత్సహించినది. పురుగు పెచ్చుపెరిగినది, నీటితగవులు పుట్టినవి. తుదకు పాతవంతులకే రావలసివచ్చినది. 2012లో ఆ సుబాకుల సీమను యునెస్కో వారసత్వ స్థలముగ గుర్తించినది. స్పెయినుదేశమున వలెన్సియా నగరములో రైతులెన్నుకొనిన పెద్దలు ప్రతి గురువారమును మధ్యాహ్నవేళ ప్రధాన దేవాలయ ద్వారమువద్ద కూర్చుండి నీటితగవులను నోటిమాటతో అప్పటికప్పుడే తీర్తురు. ఉమ్మడిసొత్తును జనులే నియమములు పెట్టుకొని కాపాడుకొనగలరని ఇట్టి దృష్టాంతములను పరిశోధించి నిరూపించిన ఎలినార్ ఆస్ట్రం అను విదుషికి 2009లో ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. మన నీరటి యెఱిగిన సంగతిని లోకము బహుమానమిచ్చి ఒప్పుకొనినది.

కావున మేము నాలుగు మాటలను ప్రభుత్వమునకును ప్రజలకును నివేదింతుము. మొదటిది, దశబంధమును కొత్తరూపమున తిరిగి నెలకొల్పవలెను. కుటుంబమునకు మాన్యముగ గాదు, ఊరి చెఱువుసంఘమునకు హక్కుగ. లక్నవరమున వేలాడు వంతెనను చూచుటకును, పడవలలో తిరుగుటకును జనులు తండోపతండములుగ పోవుచున్నారు. చెఱువుచేపలకు వెల కలదు. చెఱువువలన వచ్చు ప్రతి రూపాయలో పదియవవంతు ఆ చెఱువు కట్టకును తూమునకును మాత్రమే వెచ్చింపవలెనని చట్టము చేయుడు. రెండవది, ఆయకట్టు రైతులు ఎన్నుకొను సంఘములకు నియమితకాలమున ఎన్నికలు జరిపి, నీరటిని నియమించు అధికారమును, వానికి జీతమిచ్చు నిధిని వారికే అప్పగింపుడు.

మూడవది, జంపన్నవాగు వంటి ప్రతి పెద్దవాగునకును ఎగువను నీటికొలతకోలలను నాటి, గూడెమునకొక కాపరిని ఆ గూడెమువారిలోనుండియే నియమింపుడు. కోయభాష నెఱిగినవాడు, అర్ధరాత్రమున ఏ యింట ముసలివారున్నారో తెలిసినవాడు, ఫోను పనిచేయనినాడు డోలు కొట్టగలవాడు కావలెను. ఏటూరునాగారమున గిరిజనాభివృద్ధి సంస్థ కచేరి యున్నది. ఈ పనికి అంతకంటె తగిన చోటు లేదు. నాలుగవది, గోదావరి నీరు ఎచట ఎత్తబడుచున్నదో అచటివారికి మొదటి వంతు దక్కవలెను. కన్నాయిగూడెము, ఏటూరునాగారము, తాడ్వాయి, మంగపేట మండలముల గూడెములు పంపుల చప్పుడును వినుచు ఆకసమువంక చూచుచుండుట న్యాయము కాదు. కప్పము కథను మఱల వ్రాయించుకొనకుడు.

భూస్వాములైన పాఠకులకు ఒక్కమాట. ప్రభుత్వమును నిందించుట తేలిక. కాని చెఱువుశిఖమును ఏటేట ఒక సాలు, రెండు సాళ్లు లోపలికి దున్నుకొనుచు పోవునది ప్రభుత్వము కాదు. వఱదకాలువలను పూడ్చి ఇండ్లస్థలములుగ అమ్మునది కేవలము ఇంజనీరు కాదు. పట్టణవాసులలో పెక్కురు తాము కట్టుకొనిన మేడ పూర్వము చెఱువో, అలుగువాగో యని తెలిసియు కొనినవారే. 2020 అక్టోబరులో హైదరాబాదు నీటమునిగినప్పుడు చెఱువులు తమ చోటును తాము వెదకికొనినవి. తన వంతు నీరు కోరు ప్రతి ఆసామియు తన వంతు ఒక దినపు పనిని కట్టకిచ్చినచో, వానాకాలమునకు ముందు ఊరంతయు కూడి ఎలుకబొఱియలను మూసి, తుమ్మలను నఱికి, కాలువను తీసినచో, ఖర్చులో సగము లేదు. తగవులలోను సగము లేదు.

రాబోవు దినములలో ఇంకను గొప్ప సాధనములు వచ్చును. రానిండు. ములుగులో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయము నెలకొల్పుటకు 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టము చేసినది. అందు చదువుకొను బాలబాలికలు తమ గూడెముల కష్టములకు తామే ఉపాయములను కనిపెట్టుదురని ఆశింతుము. ఎవరు ఏ సాధనమును తెచ్చి చూపినను మూడు ప్రశ్నలు అడుగుట మన విధి. దీనిని రేపు కాచువాడెవడు? కాచినందులకు వానికేమి దక్కును? దీనివలన మేలు ఎవరికి, ముంపు ఎవరికి? ఈ మూడింటికి సమాధానమున్న ఉపాయము మట్టిదైనను ఎనిమిదివందల యేండ్లు నిలుచును. సమాధానము లేనిది ఇనుముదైనను తుప్పుపట్టును. రేచర్ల రుద్రుని చెఱువు మన యెదుట నిండియున్నది. దాని కట్టమీద కాపరి చోటు మాత్రము ఖాళీగ నున్నది. ఆ చోటును నింపుట మన తరము పని.